ఇద్దరి మాత్రలు ఒకే డబ్బాలో

డ్రైవరు కాలు మొద్దుబారిందన్న సంగతి వీధి వీధంతటికీ తెలిసింది గానీ, ఆ కాలికి మాత్రం తెలియలేదు.

వీధికి ఎలా తెలిసిందంటే, ఒక మేకు వల్ల. మేకంటే అలాంటిలాంటి మేకు కాదు, తలుపుకి కొడితే తలుపుతో పాటు గోడని కూడా పట్టుకు కూర్చునే జాతి. అది డ్రైవరు కుడికాలి చెప్పు అడుగున దూరి, అట్ట దాటి, అరికాల్లో కాపురం పెట్టింది. ఆయన పొద్దున్నే చెప్పులేసుకుని పాలకెళ్ళాడు. వచ్చి పేపరుకెళ్ళాడు. పేపరు నిన్నటిదిచ్చారని మళ్ళీ వెళ్ళి పోట్లాడొచ్చాడు. ఇంటికొచ్చి చెప్పు విప్పబోతే అది రానని మొండికేసింది.

"ఒరే దర్జీ, ఈ చెప్పు నన్నొదిలి ఉండలేనంటోంది. ఓ చెయ్యి వెయ్యి."

దర్జీ కత్తెర పక్కన పెట్టి వచ్చి చూస్తే, గడప నుంచి కుర్చీ దాకా ఎర్రటి అడుగులు, అన్నీ కుడికాలివే. వీధిలోకి తొంగి చూస్తే పాలకొట్టు దాకా అవే. ఒంటికాలి మనిషెవరో ఊరు చుట్టి వచ్చినట్టుంది.

"నొప్పి లేదా బావా?"

"దేనికి, చెప్పుకా?" అన్నాడు డ్రైవరు.

వాళ్ళిద్దరూ బావాబావమరుదులు. డ్రైవరు రిటైరైన టౌను బస్సు డ్రైవరు. బ్రేకులు పోయిన బస్సుని ఒట్టి హారనుతో బెదిరించి ఆపానని చెప్పుకునే మనిషి. దర్జీ ఇంకా దర్జీయే. దర్జీలకు రిటైర్మెంటు ఇవ్వాల్సింది కళ్ళు, అవి ఇంకా ఇవ్వలేదు. డ్రైవరు చేసుకున్నది దర్జీ అక్కని. దర్జీ ఎవర్నీ చేసుకోలేదు. ఊరందరి మెడలూ నడుములూ కొలిచి కొలిచి, తనకు సరిపడే కొలత దొరికేలోపల జుట్టు తెల్లబడిందనేవాడు. అక్క ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని, అక్క పెట్టింది తిని, బావతో వాదులాడి అరిగించుకుని, అలా గడిపేశాడు.

అక్క పోయి ఏడాది దాటింది. టీ గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చున్న మనిషి, టీ చల్లారినా లేవలేదు. అంతే జరిగింది. ఆ రోజు మగాళ్ళిద్దరూ ఏడవలేదు. తర్వాత ఏడుస్తార్లే అనుకున్నారు చుట్టాలు. తర్వాతా ఏడవలేదు. ఆ ఏడుపు ఏ బస్సెక్కిందో ఏమో, వీళ్ళ స్టాపులో దిగనే లేదు. పొద్దున్నే లేచేవాళ్ళు. వండుకున్నదేదో తినేవాళ్ళు. కంచాలు కడిగి బోర్లించేవాళ్ళు. ఆమె మాట ఒకరూ ఎత్తేవాళ్ళు కాదు. డ్రైవరు కోతలు కోయడం మానేశాడు. ఆయన కోతలు లేకపోతే దర్జీకి వాదించడానికి ముడిసరుకు లేదు. ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేకుండా పోయింది.

మేకు తీసి కట్టు కట్టిన డాక్టరు ఆసుపత్రిలో ఒక మాట చెప్పాడు. షుగరు కాలి నరాల్ని తినేసిందన్నాడు. ఈ పుండు మానుతుందన్నాడు. "కానీ ఇంకోసారి ఇలాగే ఏదో దిగబడి, మీకు తెలియక, లోపల కుళ్ళితే పాదం తీసేయాల్సి వస్తుంది" అన్నాడు.

"తీసేస్తే గోళ్ళు కత్తిరించుకునే పని సగం తగ్గుతుంది" అన్నాడు డ్రైవరు. నవ్వలేదు. నవ్వించడానికీ అనలేదు. గోడమీది గడియారం చూసి టైము చెప్పినట్టు చెప్పాడు.

ఆ చెప్పిన తీరుకే దర్జీ భయపడ్డాడు. పాదం పోవడం ఒక ఎత్తు. పోతే పోనీ అనుకునే మనిషితో ఒకే కప్పు కింద బతకడం ఇంకో ఎత్తు. ఆ ఇంట్లోంచి ఇంకేదీ పోకూడదనిపించింది అతనికి, ఒక గోరు కూడా.

బయటికొస్తుంటే కారిడారులో బోర్డు కనిపించింది. కొత్త మందుల మీద పరిశోధనలు చేస్తున్నారట, వలంటీర్లు కావాలట. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, ఆయాసం వాళ్ళు, నిద్రపట్టనివాళ్ళు, చెవిలో హోరు వినిపించేవాళ్ళు, మాటిమాటికీ తలనొప్పి వచ్చేవాళ్ళు, మతిమరుపు వాళ్ళు. దర్జీ కళ్ళద్దాలు సర్దుకుని పైనుంచి కిందికి చదివాడు.

"ఏంట్రా అంతసేపు?" అన్నాడు డ్రైవరు. "పెళ్ళిసంబంధాలా? ఆయాసం గల వరుడికి మోకాళ్ళ నొప్పి గల వధువు కావలెను, అనా?"

"కాదు బావా. అడుగున చూడు. షుగరు వల్ల కాళ్ళు మొద్దుబారినవారు. మన సంబంధమే."

"నీ సంబంధం. నువ్వెళ్ళు."

నిజానికి దర్జీ కాళ్ళదీ అదే వరస, కాకపోతే ఒక మెట్టు తక్కువ. మిషను తొక్కుతున్నాడో లేదో అతనికి కాలు చెప్పడం మానేసి చాలా కాలమైంది. సూది వంక చూసి, అది ఆడుతుంటే, ఓహో తొక్కుతున్నానన్నమాట, అనుకునేవాడు.

"ఇద్దరం చేరదాం. నువ్వు చేరకపోతే నేనూ చేరను. నా కాలు కూడా తీసేయించుకుంటా. అప్పుడు ఒక జత చెప్పులు కొనుక్కుని ఇద్దరం పంచుకుందాం."

డ్రైవరు కాసేపు బోర్డునీ, కాసేపు బావమరిదినీ చూశాడు. "ఇద్దరికీ పోయింది ఒకే కాలైతే పంచుకోలేంరా, వెర్రిమొహమా" అన్నాడు. కానీ కదిలాడు.

ఆ గదిలో ఒక అమ్మాయి ఉంది. డాక్టరు కాదు, నర్సూ కాదు. ఈ స్టడీ అంతా చూసుకునేది ఆమే. అందుకని వీళ్ళు ఆమెకి స్టడీ అమ్మాయి అని పేరు పెట్టుకున్నారు. ఆమె ఇద్దర్నీ కూర్చోబెట్టి, చిన్నపిల్లలకు చెప్పినట్టు కాకుండా పెద్దవాళ్ళకు చెప్పినట్టే చెప్పింది.

"చూడండి అంకుల్. ఇక్కడ రెండు రకాల మాత్రలుంటాయి. ఒకదాంట్లో మందు ఉంటుంది. రెండోదాంట్లో ఉండదు."

"లేకుండా ఎలా ఉంటుందమ్మా?" అన్నాడు దర్జీ.

"చూడ్డానికి ఒకేలా ఉంటుంది. రంగు, సైజు, రుచి అన్నీ అవే. లోపల మాత్రం ఏమీ ఉండదు."

"మా ఇంట్లో చాలామంది చుట్టాలు ఆ రకమే" అన్నాడు డ్రైవరు.

"ఎవరికి ఏది వస్తుందో నాకూ తెలీదు, డాక్టరుగారికీ తెలీదు. ఎక్కడో ఇంకో ఆఫీసులో తెలుసు. మందు నిజంగా పనిచేస్తుందా, లేక మందేసుకున్నామన్న ధైర్యమే పనిచేస్తుందా అని తేల్చాలి కదా, అందుకు. మీకు ఇష్టం లేకపోతే ఏ రోజైనా మానేయొచ్చు. ఎవరూ ఏమీ అనరు."

ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఆమె వాళ్ళని పక్కపక్క బల్లల మీద పడుకోబెట్టి, మధ్యలో తెర లాగి, పరీక్ష మొదలుపెట్టింది. సన్నటి నైలాను దారం ముక్క ఒకటి పుల్లకి గుచ్చి ఉంటుంది. దాన్ని అరికాలికి తాకిస్తుంది. కళ్ళు మూసుకుని, తగిలినప్పుడల్లా "ఆ" అనాలి.

డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు. "ఆ" అన్నాడు. కాసేపాగి "ఆ" అన్నాడు. మళ్ళీ "ఆ" అన్నాడు. కథ వింటూ ఊఁ కొట్టినట్టు కొడుతూ పోయాడు.

"అంకుల్" అంది ఆమె, "నేనింకా మొదలుపెట్టలేదు."

తెర ఇవతల దర్జీకి నవ్వు రావాలి. వచ్చినట్టే వచ్చి వెనక్కెళ్ళిపోయింది.

చెరొక సీసా ఇచ్చి పంపారు. ఇంటికొచ్చాక డ్రైవరు తన సీసాని కిటికీలో పెట్టి, ఇక దాని సంగతి దానిదే అన్నట్టు కూర్చున్నాడు. దర్జీ మాత్రం రెండు సీసాలూ ముందు పెట్టుకుని, గుడ్డ నాణ్యత చూసినట్టు వెలుతురుకి పట్టి చూశాడు. వాసన చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. రెండూ ఒకేలా గలగలమన్నాయి.

"బావా, ఒట్టిది నీకొస్తే?"

"వస్తే వచ్చింది."

"నాది మందున్నదై, నీది ఒట్టిదైతే? నేను రోజూ నీ ముందు కూర్చుని మందు మింగాలి, నువ్వు ఉత్తుత్తి పిండి మింగాలి. అది నాకు గొంతు దిగుతుందా?"

"నీళ్ళు పోసుకో, దిగుతుంది."

ఆ ఇంట్లో ఒక అలవాటుంది. అది అక్క పెట్టింది. ఏది వచ్చినా రెండు సమానమైన ముక్కలు కావాల్సిందే, ఒకటి మొగుడికి, ఒకటి తమ్ముడికి. పండు కోసినా అంతే, రొట్టె విరిచినా అంతే. ఒకసారి ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చి ఇంట్లో ఒక్క మాత్రే ఉంటే, కత్తిపెట్టి రెండు చేసి, కత్తికంటుకున్న పొడిని కూడా వేలితో తీసి చెరిసగం నాలుక మీద రాసిన మనిషి. ఇప్పుడు ఆమె పేరు ఎవరూ ఎత్తలేదు. దర్జీ లేచి వంటింట్లోకెళ్ళి ఆమె స్టీలు డబ్బా తెచ్చాడు. రెండు సీసాలూ అందులో గుమ్మరించాడు. మూత పెట్టి బాగా గిలక్కొట్టాడు. మూత తీసి బావ ముందు పెట్టాడు.

"చెయ్యి పెట్టి ఒకటి తీసుకో. నేనూ ఒకటి తీసుకుంటా. ఏ రోజు ఎవరికేది దొరికితే అది. మందు ఎవరి సీసాలో ఉన్నా చెరిసగం పడుతుంది."

డ్రైవరు డబ్బాకేసి చూశాడు. ఒకటి తీసి మింగాడు.

అలా నడిచింది. ఆసుపత్రికి వెళ్ళే రోజున మిగిలినవి రెండు సీసాల్లోకి సమానంగా సర్దేవాళ్ళు. స్టడీ అమ్మాయి చూసుకుని, "ఒక్కటి కూడా మర్చిపోలేదు, మీలాంటివాళ్ళు నాకు ఇంకో పదిమంది దొరికితే బాగుండు" అనేది. దర్జీ మొహమాటంగా తల వంచుకునేవాడు. అదేదో మోసమని అప్పటికి అతని బుర్రకి తట్టలేదు. పంచుకోవడం మోసమని ఆ ఇంట్లో ఎవరూ అతనికి నేర్పలేదు మరి.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు స్నానాలగదిలోంచి పెద్ద కేక వినిపించింది. దర్జీ గుడ్డ సగంలో వదిలేసి పరిగెత్తాడు. డ్రైవరు తువ్వాలు చుట్టుకుని, గోడ పట్టుకుని, కుడికాలు పైకెత్తి నిలబడ్డాడు. బొక్కెనలో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి.

"కాలింది" అన్నాడు.

"ఏం కాలింది?"

"కాలు కాలింది." ఆ కాలిని పిలవకుండా వచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నాడు. "కాలిందిరా. వేడిగా ఉంది."

సంతోషించాలి, అనుకున్నాడు దర్జీ. గుమ్మంలో నిలబడి ఆ సంతోషం కోసం కాసేపు ఎదురుచూశాడు కూడా. రాలేదు. ఎవరింట్లోనో మంచి జరిగిందని మూడోమనిషి చెబితే విన్నట్టుంది. "చన్నీళ్ళు కలుపుకో" అని చెప్పి మళ్ళీ మిషను దగ్గరికి వచ్చాడు. తన కాలు తొక్కుతోందో లేదో సూది వంక చూసి తెలుసుకున్నాడు.

స్పర్శ రావడమంటే పాటకచేరీ కాదు. డ్రైవరు పాదంలో చీమలు పాకాయి, నిప్పులు పోసుకున్నాయి, సూదులు గుచ్చుకున్నాయి. "నీ సూదులన్నీ నా కాల్లోకొచ్చాయిరా" అని విసుక్కునేవాడు. "మొద్దుగా ఉన్నప్పుడే హాయిగా ఉంది. ఎవరు లేపమన్నారు దీన్ని?" గోడకేసి తిరిగి కూర్చునేవాడు. దర్జీ ఆ వీపుకేసి చూసి మళ్ళీ మిషను తొక్కుకునేవాడు.

ఆ రోజుల్లోనే చొక్కా గొడవ జరిగింది. గుడ్డ కత్తిరించేటప్పుడు కొలతల చీటీలు పట్టుకుని అంకెలు చదివే పని డ్రైవరుది. కాలి మంట మీద ఉన్నాడు, చీటీలు రెండు చేతిలో ఉన్నాయి. మెడ బేకరీ ఆయనది చదివాడు, చెయ్యి బ్యాంకు గుమాస్తాది చదివాడు, ఛాతీ ఎవరిది చదివాడో ఆయనకే తెలీదు. బేకరీ ఆయన మనిషి పొట్టి, కానీ మెడ చుట్టూ తిరిగి రావాలంటే టేపుకి దారిఖర్చులివ్వాలి. బ్యాంకు గుమాస్తా పొడుగు, బీరువా వెనక సందులోంచి బీరువా జరపకుండా వెళ్ళగలడు.

మర్నాడు గుమాస్తా చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. కాలరులో ఆయన మెడ, నూతిలో వేసిన కర్రలా ఉంది.

"ఏమండీ" అన్నాడు గుమాస్తా మర్యాదగా, "ఈ చొక్కాలో నేను కాక ఇంకొకాయన కూడా ఉన్నట్టున్నారు. ఆయన్నీ పిలిపించండి. ఇద్దరం కలిసి వేసుకుని చూస్తాం."

డ్రైవరు ముక్కుతో ఓ నవ్వు నవ్వాడు. దర్జీ నవ్వలేదు. టేపు మెడలో వేసుకుని అలాగే నిలబడిపోయాడు. రెండు కొలతలు కలిస్తే పాడయ్యేది ఒక చొక్కా కాదు. బేకరీ ఆయనదీ పోయినట్టే. ఎవరికి ఎక్కడ బిగువో, ఎక్కడ వదులో ఇక ఆ గుడ్డ చెప్పదు. మరి ఆ అమ్మాయి? వచ్చినప్పుడల్లా బావ కాలి కొలత తీసుకుంటోంది, తన కాలి కొలత తీసుకుంటోంది. తీసుకున్న కొలతని ఏ సీసాకి కుడుతోంది?

గుమాస్తా వెళ్ళాక దర్జీ స్టూలు లాక్కుని బావ ఎదురుగా కూర్చున్నాడు.

"మనం డబ్బాలో కలిపి తింటున్నామని ఆ అమ్మాయికి చెప్పేద్దామా?"

"చెబితే?"

"తీసేస్తారు."

"నన్నా, నా కాలినా?"

"మనల్ని. మాత్రలు ఆపేస్తారు. తర్వాత కాలు సంగతి..." దర్జీ నీళ్ళు నమిలాడు. "ఇప్పుడిప్పుడే తెలుస్తోంది కదా నీకు. ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుందేమో. చెప్పకపోతే ఆ పిల్ల లెక్కంతా తప్పవుతుంది. ఏం చేద్దాం?"

"నీ ఇష్టం" అన్నాడు డ్రైవరు. చీటీలు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి పరీక్షకి దర్జీకి సీసాలు సర్దబుద్ధి కాలేదు, మాత్రలు డబ్బాలోనే వదిలి వెళ్ళారు. ఆ రోజు కారిడారులో ఒకావిడ దర్జీ పక్కన వచ్చి కూర్చుంది. ఎడమ పాదానికి లావుపాటి కట్టు ఉంది. బోర్డు చూసి వచ్చిందట.

"మీరు ఈ మాత్రలే వాడుతున్నారా అన్నయ్యగారూ?"

"ఆఁ."

"పని చేస్తున్నాయా? మా ఆయన వద్దంటున్నాడు. మీరు చెప్పండి, చేరమంటారా?"

దర్జీ నోరు తెరిచాడు. పనిచేస్తున్నాయంటే ఏవి? ఎవరికి? "లోపల అమ్మాయినడగండి, బాగా చెబుతుంది" అన్నాడు. ఆ మాట అంటుంటే చెవులు వేడెక్కాయి.

లోపల మామూలే. రెండు బల్లలు, మధ్యలో తెర. ముందు డ్రైవరు వంతు. దారం ముక్క తాకినప్పుడల్లా ఆయన "ఆ" అన్నాడు, తాకనప్పుడు ఊరుకున్నాడు. ఈసారి కథకి ఊఁ కొట్టలేదు. అమ్మాయి డాక్టర్ని పిలిచింది. డాక్టరు వచ్చి తను కూడా ఓసారి తాకి చూశాడు.

"బాగుంది. చాలా బాగుంది" అన్నాడు. "మీ ఒక్కరి కాలే కాదండీ. ఇలాంటివన్నీ పోగుచేసే, ఈ మందు బయట జనానికి ఇవ్వాలా వద్దా అని తేలుస్తారు."

డాక్టరు పక్క గదికెళ్ళాడు. అమ్మాయి తెర దాటి దర్జీ దగ్గరికొచ్చింది. దర్జీ అరికాలికి దారం తాకించింది. దర్జీ ఏమీ అనలేదు. మళ్ళీ తాకించింది.

"అంకుల్, తెలియట్లేదా?"

"అమ్మా" అన్నాడు దర్జీ కళ్ళు తెరవకుండానే. "నేనొక తప్పు చేశాను."

దారిలో బస్సులో కూర్చుని అల్లుకున్న అబద్ధం అది. బావని ఉంచి తను ఒక్కడే బయటికి పోయే దారి అదొక్కటే కనిపించింది.

"నా మాత్రలు నేను వేసుకోలేదు. ఒక్కటీ వేసుకోలేదు. సీసాలోంచి తీసి కాలవలో పారేశాను. నన్ను తీసేయండి. నా కాలి లెక్క కొట్టేయండి. మా బావ మాత్రం రోజూ తన సీసాలోవే వేసుకున్నాడు. నేను కళ్ళారా చూశాను. ఆయన్ని ఉంచండి."

అమ్మాయి చేతిలో దారం అలాగే ఆగింది. "ఎందుకు పారేశారంకుల్?"

ఇక్కడికి అల్లుకోలేదు దర్జీ. "చేదుగా ఉన్నాయి" అన్నాడు.

తెర అవతల బల్ల కిర్రుమంది. తెర పక్కకి జరిగింది. డ్రైవరు నిలబడి ఉన్నాడు, ఉత్తికాళ్ళతో. చల్లటి నేల మీద కుడి పాదాన్ని పూర్తిగా ఆనించలేక సగం ఎత్తి పెట్టుకున్నాడు. ఆయన మొహం చూసి దర్జీ లేచి కూర్చున్నాడు. ఆ మొహంలో ఏదైనా కనిపించి ఏడాది దాటింది. ఇప్పుడు కనిపించింది కోపమో, సిగ్గో, దర్జీకి అంతుపట్టలేదు.

"వాడు అబద్ధం చెబుతున్నాడమ్మా" అన్నాడు డ్రైవరు. "వాడికి అబద్ధాలు రావు. ఆ పని నాది. బస్సుల్లో, ఇంట్లో, ఎక్కడైనా కోసేది నేను. వాడు పక్కన కూర్చుని తప్పులు పట్టేవాడు. ఈ తప్పు నేను పడతాను. రెండు సీసాలూ ఒక డబ్బాలో పోసుకుని, కలిపి, చెయ్యి పెట్టి ఏది దొరికితే అది మింగాం ఇద్దరం. మొదటిరోజు నుంచీ."

"బావా!"

"నువ్వు నోర్మూసుకో. నా కాలి కోసం నువ్వు చేదని చెప్పుకుంటావా? మందు చేదని పారేశాడట, పాలు తాగే పిల్లాడు!"

స్టడీ అమ్మాయి కుర్చీలో కూర్చుంది. ఒకర్ని చూసి ఒకర్ని చూసింది. "మందు ఒకరికే ఉంటే రెండోవాళ్ళు అన్యాయమైపోతారని..." అని నసిగాడు దర్జీ. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి వెళ్ళి డాక్టర్ని తీసుకొచ్చింది.

డాక్టరు విని, కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"మాత్రలు మర్చిపోయినవాళ్ళని చూశాను. అమ్ముకున్నవాళ్ళని కూడా చూశాను. అన్నదమ్ముల్లా పంచుకున్నవాళ్ళని ఇదే చూడటం" అన్నాడు. "ఇద్దర్నీ తీసేయాలండీ. తప్పదు. మిగిలిన మాత్రలు తెచ్చి ఇచ్చేయండి."

"మా బావకి తెలుస్తోంది కదండీ" అన్నాడు దర్జీ. "ఏ సీసాలో మందుందో ఆ ఆఫీసువాళ్ళనడిగి, ఆయన ఒక్కడికైనా..."

"అడిగితే సీసా సంగతి చెబుతారు. ఈయన కడుపులోకి ఏది, ఎంత వెళ్ళిందో వాళ్ళు మాత్రం ఎలా చెబుతారు? ఈ మందు ఇంకా ఎక్కడా అమ్మకానికి కూడా లేదు."

"మళ్ళీ మొద్దుబారుతుందా?" అన్నాడు డ్రైవరు. ఆ కాలి గురించి ఆయన తనంతట తాను అడిగిన మొదటి ప్రశ్న అది.

"బారొచ్చు. బారకపోవచ్చు. మీ కాలు ఏ మాత్రకి లేచిందో నేను చెప్పలేను. ఇక ఎవరూ చెప్పలేరు."

బయట మెట్ల దాకా ఆ అమ్మాయి వచ్చింది. కట్టు కట్టుకున్నావిడ ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

"అంకుల్, ఒక్క పని మాత్రం చేయండి. తెలియని పాదానికి కళ్ళే దిక్కు. రోజూ అరికాలు చూసుకోవాలి. గీత పడినా, ఎర్రబడినా, బొబ్బ లేచినా వెంటనే మామూలు ఓపీకి రండి. అలా చూసుకుంటే పాదం పోదు."

"నేను వంగితే మళ్ళీ లేవనమ్మా" అన్నాడు డ్రైవరు. "నా అరికాలు నేను చూసి ఎన్నేళ్ళయిందో. ఉందని వీడు చెబితే నమ్ముతున్నాను."

"అయితే మీది ఆయన, ఆయనది మీరు చూడండి."

ఇంటికొచ్చి డబ్బాలో ఉన్నవన్నీ రెండు సీసాల్లోకి సర్దారు, రేపు తిరిగిచ్చేయడానికి. సమానంగానే సర్దారు, ఇక అవసరం లేకపోయినా.

మధ్యాహ్నం ఎండ ముందుగదిలోకి మిషను దాకా వచ్చింది. దర్జీ బల్ల మీద గుడ్డలన్నీ పక్కకి నెట్టాడు. ఇద్దరూ ఎదురెదురుగా ఎక్కి కూర్చున్నారు. ఒకరి కాలు ఒకరి ఒళ్ళో పెట్టారు. వీధిలో పోయేవాడెవడో ఆగి చూసి, అడగాలా వద్దా అని ఆలోచించి వెళ్ళిపోయాడు.

దర్జీ కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, కుట్టు చూసినట్టు, బావ అరికాలు అంగుళం అంగుళం చూశాడు. మేకు దిగిన చోట మచ్చ ఉంది. కొత్తదేమీ లేదు. వేళ్ళ మధ్య విడదీసి చూశాడు.

"చక్కిలిగిలి పెట్టకు."

"తెలుస్తోందా?"

"తెలుస్తోందిలే. ఎన్నాళ్ళో."

డ్రైవరు బావమరిది పాదాన్ని రెండు చేతుల్తో స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకుని, కిటికీ వైపు తిప్పాడు. దర్జీకి ఆ చేతుల స్పర్శ తెలియలేదు. తన కాలు ఎవరి ఒళ్ళోనో ఉన్నట్టు కంటికి మాత్రం కనిపిస్తోంది.

డ్రైవరు చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయాడు.

"ఏంటి? పుండా?"

"కాదు" అన్నాడు డ్రైవరు. "ఈ చిటికెన వేలు చూడు, పక్క వేలి మీదికి ఎలా ఎక్కి కూర్చుందో. మీ అక్కది కూడా అచ్చం ఇలాగే ఉండేది. ఎడమ కాలిదే."

దర్జీ కిటికీలోంచి వీధి చూశాడు. పాలకొట్టు మూసి ఉంది.

"మడమ కూడా చూడు" అన్నాడు.

"చూస్తున్నా" అన్నాడు డ్రైవరు.